తాళం పోయిన పెట్టె: టీ డబ్బా చరిత్ర, మన ఇంటి టేకు

భోకర్‌లో ఛాయ్ అంటే ఇప్పటికీ గిన్నెలో మరిగేదే. పత్తా, చక్కెర, పాలు, ఇంత అల్లం, అన్నీ కలిసి పొంగితేనే అది ఛాయ్. అయినా టీ బ్యాగులు కనపడని ఇల్లు మన చుట్టాల్లో ఇప్పుడు ఒక్కటీ లేదు. పూణేకో, హైదరాబాద్‌కో, సముద్రాలవతలకో వెళ్ళిన పిల్లలు పండక్కి వచ్చినప్పుడల్లా గ్రీన్ టీ, తులసి టీ, నిమ్మ టీ అంటూ తలా ఒక అట్టపెట్టె తెస్తారు. నాలుగు రోజులు తాగి వెళ్ళిపోతారు. నలిగిన అట్టపెట్టెలు, సగం మిగిలిన పొట్లాలు అల్మారాలో ఉండిపోతాయి. వాటికోసం అరలున్న చెక్క పెట్టె ఒకటి చేయించుకుందామని చాలామంది అడుగుతున్నారు. ఇళ్ళు విప్పినప్పుడు మిగిలిన టేకు ముక్కలు ఉండనే ఉన్నాయి కదా అని కూడా అంటున్నారు.

ఆ పెట్టె ఎట్లా చేయాలో చివర చెప్తాను. దానికంటే ముందు ఒక చిన్న సంగతి చూడండి. రెండు మూడు వందల ఏళ్ళ కిందటి టీ పెట్టెలకు తాళం ఉండేది. ఇప్పటి పెట్టెలకు ఉండదు. ఆ తాళం ఎందుకు పోయిందో తెలుసుకుంటే, ఈ పెట్టెలో ఇప్పుడు నిజంగా ఖరీదైనది ఏదో కూడా తెలుస్తుంది.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది

టీ యూరప్‌కు చేరిన కొత్తలో అది మందు లాంటిది, బంగారం లాంటిది. చైనా నుంచి ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చేది. ఇంగ్లండులో దాని మీద పన్ను ఎంత ఉండేదంటే, 1784లో పార్లమెంటు చట్టం చేసి తగ్గించేనాటికి అది 119 శాతం. ఆ చట్టంతో అది పన్నెండున్నర శాతానికి దిగింది. అంతవరకూ పన్ను ఎగ్గొట్టిన దొంగ టీ, వేరే ఆకులు కలిపిన కల్తీ టీ జోరుగా అమ్ముడుపోయేవి.

అంత ఖరీదైన ఆకును డబ్బున్న ఇళ్ళల్లో వంటింట్లో వదిలేసేవాళ్ళు కాదు. చిన్న చెక్క పెట్టెలో పెట్టి, తాళం వేసి, కూర్చునే గదిలోనే ఉంచుకునేవాళ్ళు. తాళంచెవి ఇంటి యజమానురాలి దగ్గర ఉండేది. పెట్టెలో సాధారణంగా రెండు అరలు, ఒకటి పచ్చ టీకి, ఇంకొకటి నల్ల టీకి. కొన్నిట్లో మధ్యన గాజు గిన్నె కూడా ఉండేది. లోపల తగరమో సీసమో పల్చటి రేకుగా అతికించేవాళ్ళు, గాలి తగిలి వాసన పోకుండా. ఆ పెట్టెకు పెట్టిన పేరు క్యాడీ. అది ఇంగ్లీషు మాట కాదు. మలయ్ వర్తకులు తూకానికి వాడే కాటి అనే కొలత నుంచి వచ్చింది. కాటి అంటే దాదాపు 600 గ్రాములు. తూకం పేరే పెట్టె పేరైపోయింది. మన దగ్గర మానెడు గింజలు పట్టే పాత్రను మానిక అన్నట్టే.

ఇది ఇంట్లో పెట్టుకునే చిన్న పెట్టె. ఓడల్లో వచ్చేవి పెద్ద పెట్టెలు. 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో జనం మూడు ఓడల మీదికెక్కి 342 టీ పెట్టెలు నీళ్ళలో పారబోశారని చదువుకున్నాం కదా. అవన్నీ చైనా నుంచి వచ్చిన చెక్క పెట్టెలే. ఆ రోజు పారేసినవాటిలో ఒకటిగా చెప్పే పెట్టె ఇప్పటికీ బోస్టన్‌లో ప్రదర్శనలో ఉంది. మన పిల్లలు అటువైపు ఉంటే వెళ్ళి చూడొచ్చు.

పెట్టెలు నింపిన చేతులు

టీ చవకైంది మన దేశం వల్లే. అస్సాంలో టీ మొక్క అడవిలోనే పెరుగుతోందని 1820లలో ఇంగ్లీషువాళ్ళకు తెలిసింది. 1839 జనవరి 10న అస్సాం టీ మొట్టమొదటిసారి లండన్‌లో వేలానికి వచ్చింది. వచ్చింది ఎనిమిదే పెట్టెలు. తర్వాత యాభై ఏళ్ళలో కథ మారిపోయింది. చైనా టీని వెనక్కి నెట్టి హిందుస్తాన్ టీ ముందుకొచ్చింది.

ఇక్కడ మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఆ తోటల్లో పనికి కూలీలు కావాలి. ఛోటానాగపూర్ నుంచి తీసుకెళ్ళినట్టే గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా జనాన్ని తీసుకెళ్ళారు. వాళ్ళల్లో తెలుగువాళ్ళు ఉన్నారు. వాళ్ళ సంతతిని అస్సాంలో ఇప్పటికీ తెలంగా అని పిలుస్తారు. 1859లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, అడ్వాన్సు తీసుకున్న కూలీ ఒప్పందం మీరి పని మానేస్తే అది నేరం, జైలు శిక్ష కూడా పడేది. ఆ చట్టం 1920ల దాకా పోలేదు. ఇంటి భాష ఒకటి, బజారు భాష ఒకటి అయిన తెలుగువాళ్ళం మనమే అనుకుంటాం. మనకంటే ఎంతో ముందు, మనకంటే ఎంతో కష్టంగా ఆ బతుకు బతికినవాళ్ళు వాళ్ళు. ఎవరింట్లోనో టీ పెట్టెకు తాళం అక్కర్లేకుండా పోయిందంటే, వాళ్ళు చవకగా చేసిన చాకిరీ కూడా అందుకు ఒక కారణం.

తోట నుంచి బయటికి టీ పోవాలంటే మళ్ళీ చెక్క పెట్టెలే దిక్కు. మొదట్లో మామిడి, బూరుగ లాంటి చెక్కలతో చేసి లోపల సీసం రేకు పరిచేవాళ్ళు. టీ ఆకుకు ఒక గుణం ఉంది, పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పీల్చేస్తుంది. అందుకని వాసన లేని చెక్కే కావాలి. తర్వాత పల్చటి పొరలు అతికించిన ప్లైవుడ్ వచ్చింది. తేలిక, గట్టి, చవక. మొదట యూరప్ నుంచి దిగుమతి చేసుకునేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి అస్సాంలోనే తయారీ మొదలైంది. మన దేశంలో ప్లైవుడ్ పరిశ్రమ పుట్టిందే టీ పెట్టెల కోసం. స్వాతంత్ర్యం వచ్చాక మన వస్తువులకు ప్రమాణాలు రాయడం మొదలుపెట్టినప్పుడు, ఒకటో నంబరు ప్రమాణం జాతీయ జెండాది. పదో నంబరు ప్లైవుడ్ టీ పెట్టెలది. అప్పట్లో ఆ పెట్టెకు అంత విలువ. అంచులకు రేకు బిగించిన ఆ ఖాళీ పెట్టెల్లో సామాన్లు సర్దుకుని ట్రాన్స్‌ఫర్ల మీద ఊళ్ళు మారిన ఉద్యోగస్థుల కుటుంబాలు ఎన్నో. తర్వాత కాగితపు సంచులు వచ్చి వాటినీ తోసేశాయి.

బ్యాగు ఎట్లా వచ్చింది

టీ బ్యాగు అమెరికాలో పుట్టింది. 1908లో ఒక న్యూయార్క్ వర్తకుడు నమూనాలను పట్టు సంచుల్లో పంపితే, కొన్నవాళ్ళు సంచితో సహా వేడినీళ్ళలో వేశారని ఒక కథ చెప్తారు. కథ బాగానే ఉంది. కానీ అంతకుముందే, మిల్వాకీ ఊరికి చెందిన రోబెర్టా లాసన్, మేరీ మెక్‌లారెన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు గుడ్డ సంచి లాంటి టీ పొట్లానికి 1901లో దరఖాస్తు పెట్టుకుని 1903లో పేటెంటు తెచ్చుకున్నారు. కప్పుకు సరిపడా ఆకు మాత్రమే వాడాలి, మిగిలింది పారబోయొద్దు, ఇదీ వాళ్ళ ఆలోచన. పొదుపైన ఇల్లాలికి వచ్చే ఆలోచనే. ఇంగ్లండులో బ్యాగులు అమ్మకానికి వచ్చింది మాత్రం 1953లో.

ఇంకో పక్క 1930 ప్రాంతంలో అస్సాంలో కొత్త యంత్రం ఒకటి వచ్చింది. ఆకును నలిపి, చింపి, ఉండలుగా చుట్టేస్తుంది. సీటీసీ అంటారు. మనం కిరాణాలో కొనే గుండ్రటి పలుకుల పత్తా అదే. తక్కువ పొడికే ఎక్కువ రంగు, ఎక్కువ ఘాటు. ఛాయ్ పేదవాడి గ్లాసులోకి రావడానికి అది దారి చేసింది. టీ చవకైంది, తాళం పోయింది. ఇంట్లో వేరే వేరే రకాలు ఉండడం మొదలైంది కాబట్టి అరలు మాత్రం పెరిగాయి.

మనకు అరల పెట్టె కొత్తా?

కొత్త కాదు. పోపుల పెట్టె ఏమిటి మరి? ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఒక్కో దానికి ఒక్కో అర. ఇప్పుడు స్టీలువి వచ్చాయి గానీ పూర్వం చెక్కవే ఉండేవి, మీద జారుడు మూతతో. మరాఠీ ఇళ్ళల్లో దాన్నే మిసళణాచా డబా అంటారు. తమలపాకులు, వక్కలు, సున్నం పెట్టుకునే పెట్టె ఇంకొకటి. రాజుల దగ్గర తాంబూలం సంచి మోయడానికే ఒక మనిషి ఉండేవాడు, దాన్ని అడపం అనేవాళ్ళు. పెద్ద సొమ్ముకు భోషాణం. బట్టలకు సందుగ. ఈ సందుగ అనే మాట అరబ్బీ సందూక్ నుంచి ఉర్దూ మీదుగా మనింటికి వచ్చింది. పెట్టె, మరాఠీ పేటీ చుట్టాలే. పెట్టె అనే ఒక్క మాట చుట్టూ మన ఇంట్లో ఇన్ని భాషలు చేరాయి.

లోపల పెట్టే వస్తువుదీ అదే సంగతి. సముద్రం మీద డచ్చివాళ్ళ ఓడల్లో ప్రయాణించిన పేరు టీ అయింది. అది చైనా తీరంలోని ఒక యాసలో మాట. భూమి మీద నడిచొచ్చిన పేరు ఛాయ్ అయింది. తెలుగు పుస్తకం తేయాకు, తేనీరు అంటుంది. హైదరాబాద్ ఇరానీ హోటల్ ఛాయ్ అంటుంది. భోకర్ బజారు చహా అంటుంది. మన ఇంట్లో ఒక్క రోజులోనే మూడూ వినపడతాయి.

ఈ టేకు ఎక్కడిది

ఇప్పుడు చెక్క సంగతి. 1956కు ముందు ఈ ప్రాంతం పటం వేరు. అప్పుడు నాందేడ్, ఆదిలాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాలు. ముధోల్, భైంసా నాందేడ్ జిల్లాలో ఉండేవి. కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న గీత గీసినప్పుడు ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు తెలుగు వైపు వెళ్ళాయి. కిన్వట్, ఇస్లాపూర్ బొంబాయి రాష్ట్రం వైపు వచ్చాయి. 1960 మే 1న అది మహారాష్ట్ర అయింది. ఇల్లు కదలకుండానే మనవాళ్ళు మూడు రాష్ట్రాల్లో కాపురం చేశారు.

అడవికి మాత్రం గీత తెలియదు. నిర్మల్ గుట్టల నుంచి కిన్వట్ దాకా ఒకటే టేకు అడవి. ముద్‌ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలు దారి భోకర్, హిమాయత్‌నగర్, కిన్వట్ మీదుగా ఆ అడవి లోంచే వెళ్తుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో పాత మిద్దె ఇళ్ళకు, మరాఠీలో మాళవద్ అంటాం కదా, దూలాలు, వాసాలు, ద్వారబంధాలు టేకువే. మరాఠీవాళ్ళు సాగ్ అంటారు, మనం టేకు అంటాం. ఇంగ్లీషు మాట కూడా మనదానికి అక్కచెల్లెలే. మలయాళం తేక్కు నుంచి పోర్చుగీసు మీదుగా వాళ్ళకు వెళ్ళింది.

ఆ మిద్దెలు ఇప్పుడు వరసగా పోతున్నాయి. 1993 సెప్టెంబరు 30న లాతూర్ జిల్లా కిల్లారిలో భూకంపం వచ్చి వేలమంది పోయాక, మరాఠ్వాడాలో రాతిగోడ, మట్టికప్పు అంటేనే జనానికి భయం పట్టుకుంది. స్లాబు ఇళ్ళు వచ్చాయి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పాత ఇల్లు విప్పుతారు, చెక్కంతా పాత సామాను కొనేవాళ్ళకు ఒకే లెక్కన పోతుంది. వందేళ్ళ దూలం లారీ ఎక్కి వెళ్ళిపోతుంది, ఎవరింటిదో తర్వాత చెప్పేవాళ్ళుండరు. కొత్త టేకు కావాలంటే తేలిక కాదు. మహారాష్ట్రలో 1964 నాటి చట్టం ప్రకారం సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి.

అంటే లెక్క తిరగబడింది. అప్పుడు పెట్టెలో ఆకు ఖరీదు, చెక్క ఉత్తిది. ఇప్పుడు ఆకు ఉత్తిది, చెక్క ఖరీదు. తాళం వేయాల్సింది ఏదైనా ఉంటే అది పెట్టెకే.

పెట్టె చేసే పద్ధతి

ముందు చెక్క ఎంచుకోవాలి. తలుపులకంటే దూలం, వాసం ముక్కలు మంచివి. తలుపులకు పాత రంగులుంటాయి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం మీద మన దేశంలో గట్టి హద్దు వచ్చింది 2017 చివర్లోనే. అందుకని రంగున్న చెక్కను పొడిగా గీకొద్దు, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. రంగు లేని దూలం ముక్కైతే ఆ బెంగ లేదు. ఎన్నో ఏళ్ళుగా ఎండి ఉంటుంది కాబట్టి వానాకాలం ఉబ్బడం, ఎండాకాలం విచ్చుకోవడం కూడా తక్కువ. కోసే ముందు అయస్కాంతం పెట్టి చూడాలి. లోపల విరిగిన మేకు ఉంటే రంపం పళ్ళు పోతాయి.

తర్వాత కొలత. మీ ఇంట్లో వాడే టీ పొట్లాన్నే కొలవండి. ఎక్కువ పొట్లాలు ఏడు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది ఎత్తు లోపలే ఉంటాయి. అరకు లోపల 8 సెంటీమీటర్ల వెడల్పు, 6 లోతు పెడితే ఒక్కో దాంట్లో డజను దాకా నిలబడతాయి. వరసకు మూడు అరలు, రెండు వరసలు, మొత్తం ఆరు. అడ్డచెక్కలు 6 మిల్లీమీటర్ల మందం వేసుకుంటే పెట్టె లోపలి కొలత 25.2 సెంటీమీటర్లు, 12.6 సెంటీమీటర్లు వస్తుంది. లోపలి ఎత్తు 9. బయటి గోడలకు 12 మిల్లీమీటర్ల పలక చాలు.

అడ్డచెక్కలకు మేకులు అక్కర్లేదు. పొడుగుది ఒకటి, పొట్టివి రెండు, అన్నీ 7 సెంటీమీటర్ల ఎత్తు. పొడుగు దానికి పైనుంచి సగం దాకా, అంటే మూడున్నర సెంటీమీటర్లు, రెండు చోట్ల గాడి కోయాలి. పొట్టివాటికి కిందనుంచి అంతే కోయాలి. ఒకదాంట్లో ఒకటి దిగిపోతాయి. పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉండటంతో పొట్లం వేళ్ళకు అందుతుంది. కడగాలంటే అడ్డచెక్కలు మొత్తం బయటికి తీసేయొచ్చు. నాలుగు మూలలు వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు పళ్ళు కోసి కలిపితే గట్టిగా ఉంటాయి. టేకులో నూనె ఉంటుంది, కాబట్టి జిగురు పూసే ముందు ఆ చోటును స్పిరిట్ గుడ్డతో తుడవాలి, లేకపోతే అతుకు ఊడుతుంది. అడుగు పలకను జిగురుతో బిగించకుండా, గోడల్లో గాడి తీసి దాంట్లో కూర్చోబెట్టాలి, కాలాన్ని బట్టి కదలడానికి సందుండాలి.

పైపూతకు లక్క పాలిష్ మంచిది. లక్క పురుగు పెరిగే చెట్లలో మోదుగ ఒకటి. మరాఠీలో పళస్ అంటారు, ఎండాకాలం ముందు మన పొలం గట్లన్నీ ఎర్రగా చేసేది అదే. పాలిష్ బయటికి మాత్రమే, లోపల ఏమీ వద్దు. పూశాక వాసన పూర్తిగా పోయేదాకా మూత తెరిచి నీడన ఉంచాలి. టీ వాసన పీలుస్తుందని చెప్పాను కదా. కర్పూరం, కలరా ఉండలు, అగరుబత్తులు ఉన్న అల్మారాలో ఈ పెట్టె పెట్టొద్దు. రేకు పొట్లంలో ఉన్న బ్యాగులు నేరుగా పెట్టుకోవచ్చు. పొట్లం లేని ఉత్త బ్యాగులకైతే లోపల చిన్న రేకు డబ్బా కావాలి. లోపల కాగితం అంటించుకోవాలంటే మైదా జిగురు చాలు. పూర్వం కాగితాలకు విరిగి పండ్ల బంక వాడేవాళ్ళు. కొన్ని చోట్ల బంక నక్కెర అనే ఆ చెట్టును మరాఠీలో ఏమంటారో తెలుసా? భోకర్.

వడ్లాయనతో మాట్లాడేటప్పుడు

ఈ పని చేయించేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. మరాఠీలో సుతార్ అంటే వడ్రంగి. తెలంగాణలో సుతారి అంటే గోడ కట్టే మేస్త్రీ. ఇక్కడి పిల్ల నిజామాబాద్ కోడలైతే, సుతార్‌ను పిలవమంటే తాపీ పట్టుకుని మనిషి వస్తాడు. వాళ్ళు కర్వత్ అంటే మనం రంపం, వాళ్ళు పటాశీ అంటే మనం ఉలి. రంధా అంటే చిత్రిక, బిజాగరీ అంటే మడతబందు, కడీ కోయండా అంటే గొళ్ళెం. మన ఇంట్లో పెద్దలకు రెండు వరసలూ తెలుసు. నడివయసు వాళ్ళకు మరాఠీ వరస తెలుసు. పూణేలో చదివే పిల్లలకు రెండూ తెలియవు. వంటింటి మాటలు అమ్మల వల్ల నిలబడ్డాయి. పనిముట్ల మాటలు పని లేకపోతే నిలబడవు. చేతిలో చిత్రిక పట్టుకున్న రోజున ఆ మాట ఒక్కసారి విన్నా పిల్లలకు గుర్తుంటుంది.

చివరగా ఒక పని. పెట్టె అయ్యాక మూత లోపలివైపు, పాలిష్ లేని చోట, ఆ చెక్క ఏ ఊళ్ళో ఏ ఇంటిదో, దూలమో వాసమో ద్వారబంధమో, ఇల్లు ఏ ఏడాది విప్పారో, పెట్టె ఎవరు చేశారో పెన్సిలుతో రాయండి. తెలుగులో ఒక వరస, మరాఠీలో ఒక వరస. పెన్సిలు రాత చెక్క మీద చాలాకాలం ఉంటుంది. ఇల్లు విప్పుతున్నారని ఎవరింటి నుంచైనా కబురు వస్తే, లారీ రాకముందే మూరెడు దూలం ముక్క పక్కన పెట్టించండి. ఒక పెట్టెకు అది చాలు.